‘పట్టిక’ను ‘పటిక’ చేసిన సైటు

సంపాదకులకు,

ఆర్యా,

ఆ మధ్య ఒక ఆదివారం సంచికలో మీరు రైలు పిచ్చి ఉన్న కుర్రాళ్ల గురించి రెండు పేజీలు వేశారు. సంతోషం. నేను ముప్పై నాలుగేళ్లు రైల్వే ఇంజనీరింగ్ శాఖలో పెయింటరుగా చేశాను. స్టేషన్ల పేర్లు, గేటు బోర్డులు, కిలోమీటరు రాళ్లు రాస్తూ రిటైరయ్యాను. మేం జీతానికి చేసిన పనిని జీతం లేకుండా ప్రేమించేవాళ్లు ఉన్నారంటే కడుపు నిండినట్టు ఉంటుంది. అయితే ఆ వ్యాసం చివర ‘వీళ్ల వెబ్‌సైటు చూడముచ్చటగా ఉంది’ అని ఒక మాట రాశారు. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట గురించే.

ముందు మీ తప్పు చెప్పి తర్వాత వాళ్ల దగ్గరికి పోతాను. సైటు చిరునామా కాలమ్‌లో పట్టలేదని రెండు లైన్లుగా విరిచి, విరిచిన చోట అడ్డగీత పెట్టారు. నేను ఆ గీతను కూడా ఫోనులో కొట్టాను. మూడుసార్లు కొట్టినా అలాంటి సైటే లేదని వచ్చింది. సాయంత్రం మనవడు బడి నుంచి వచ్చి చూసి, ‘తాతా, ఆ గీత పేపరోళ్లది, సైటుది కాదు’ అన్నాడు. పేరు పొడుగై బోర్డు మీద పట్టకపోతే మేం అక్షరం సన్నం చేసేవాళ్లం. అంతేగానీ ‘గుంత’ ఒక బోర్డు మీదా ‘కల్లు’ ఇంకో బోర్డు మీదా రాయలేదు. రాసుంటే మా ఊరి పరువు ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

సైటు పేరు నేనిక్కడ రాయడం లేదు. కాలేజీ పిల్లలు సొంత డబ్బుతో నడుపుకుంటున్నారు. తప్పులు ఎంచుతూ పేరు కూడా బజారున పెట్టడం మర్యాద కాదు. చదివితే వాళ్లకు అర్థమవుతుంది.

మొదటిసారి దాన్ని తెరిచింది బ్యాంకులో. నవంబరు కదా, బతికే ఉన్నామని పింఛనుదార్లం రాసిచ్చే నెల. నా టోకెను 61, నడుస్తున్నది 23. ఊరికే కూర్చోలేక ఫోను తీశాను. పేజీ తెరుచుకోవడం, డీజిల్ ఇంజను హారను మోగడం ఒకేసారి జరిగాయి. నాకు చెవి కొంచెం దూరమని మనవడు వాల్యూము నిండుగా పెట్టి ఉంచాడు. బ్యాంకంతా ఇటు తిరిగింది. ఆపే మీట కోసం వెతికాను. తెర మీద ఎడమ నుంచి కుడికి ఇంజను పోతోంది, పొగ వదులుతోంది, మీట మాత్రం ఎక్కడా లేదు. చివరికి ఫోనును పంచె మడతలో కుక్కి, పైన చెయ్యి అదిమి కూర్చున్నాను. పక్కనే ఉన్న రిటైర్డ్ గార్డొకాయన, ‘లైన్ క్లియర్ ఇచ్చినామప్పా, ఇంగ పో’ అన్నాడు.

హారను అలా ఊరికే కొట్టేది కాదు. లెవెల్ క్రాసింగుకు ముందు పసుపు బోర్డు మీద ‘డబ్ల్యూ/ఎల్’ అని ఇంగ్లీషులో, ‘సీ/ఫా’ అని హిందీలో రాసి ఉంటుంది. సీ అంటే సీటీ, అంటే ఈల. ఫా అంటే ఫాటక్, అంటే గేటు. ఎన్ని రాశానో లెక్కలేదు. హారనుకు కూడా ఒక చోటు చూపించి, అక్కడ బోర్డు పాతి, అప్పుడు కొట్టమంటుంది రైల్వే. ఇంట్లో కూర్చుని వెబ్‌సైటు చూసేవాడి చెవిలో చెప్పాపెట్టకుండా కొట్టమని ఏ పుస్తకంలోనూ లేదు. బెంగళూరులో సాఫ్ట్‌వేరు పని చేసే మా మేనల్లుడు, వెబ్‌సైట్లకు కూడా ఇలాంటి నియమం ఉందని చెప్పాడు. దానంతటదే మోగే శబ్దం మూడు సెకన్లు దాటితే, ఆపుకునే వీలు చూసేవాడికి ఇవ్వాలట. ఈ హారను తొమ్మిది సెకన్లు. బ్యాంకులో తొమ్మిది నిమిషాలనిపించింది.

ఆ తర్వాత పది రోజులు, రోజూ ఒక గంట, ఆ సైటునే చూశాను. మా మేస్త్రీ నాకు నేర్పిన పద్ధతిలో చూశాను. ఆ పద్ధతేమిటో చెప్పాలి.

నేను కొత్తగా చేరినప్పుడు గుత్తి దగ్గర ఒక చిన్న స్టేషన్లో బోర్డు రాశాను. నిచ్చెన దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాను. అక్షరాలు గుండ్రంగా, నీడలు వేసి, పెళ్లి పందిరిలా ఉన్నాయి. మేస్త్రీ ఏమీ అనలేదు. ఆ రాత్రి నన్ను ప్యాసింజరు ఎక్కించి పక్క స్టేషన్‌కు తీసుకుపోయి, అక్కడి నుంచి తిరుగు బండిలో తెచ్చాడు. బండి ఆ స్టేషన్‌లో ఆగదు. కిటికీ పక్కన కూర్చోబెట్టి ‘చదువు’ అన్నాడు. ప్లాట్‌ఫారం మీద ఒకటే దీపం. నా బోర్డు వచ్చింది, పోయింది. నీడలన్నీ అక్షరాల్లో కలిసిపోయి నల్లటి ముద్ద తప్ప ఏమీ కనపడలేదు. నేను రాసిన పేరు నేనే చదవలేకపోయాను. అప్పుడన్నాడు: ‘ఊర్లో ఉండేవానికి బోర్డు ఎందుకురా? వానికి గాలి వాసన చాలు. రాత్రి రెండు గంటలప్పుడు ఉలిక్కిపడి లేచి, యా ఊరొచ్చిందో తెలీక కిటికీలోంచి చూస్తాడే, వానికి రాయల్ల.’ మరుసటి రోజు నీడలన్నీ చెరిపేసి, పసుపు నేల మీద నల్లటి అక్షరాలు మామూలుగా రాశాను.

దేశంలో ఎక్కడికి పోయినా స్టేషన్ బోర్డు ఆ రెండు రంగులే. పైన ఆ ప్రాంతపు భాష, నడుమ హిందీ, కింద ఇంగ్లీషు. సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో కూడా ఉంటుంది. అరకు దారిలో శిమిలిగూడ స్టేషన్ 996.32 మీటర్లు. కొలిచిన చోటే రాసిపెట్టిన అంకె కాబట్టి ఒకసారి చూస్తే మరిచిపోలేం. పసుపు మీద నలుపు దూరానికీ ఆనుతుంది, మసక వెలుతురులోనూ ఆనుతుంది. అందం గురించి ఎవరూ ఆలోచించలేదు. అయినా ఇప్పుడు అదే బోర్డు దగ్గర నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు, అదే బోర్డు బొమ్మను అయస్కాంతం చేసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తున్నారు.

ఈ పిల్లల సైటు రాత్రి రెండు గంటల మనిషి కోసం కట్టింది కాదు. వాళ్ల కోసం వాళ్లు కట్టుకున్నారు. నల్లటి నేల, దాని మీద బూడిద రంగు అక్షరాలు. ఇంజను చిమ్నీలోంచి చూస్తున్నట్టు ఉండాలని చేశారేమో. పదహారేళ్ల మనవడు చదివాడు. నేను ఫోనును ముక్కుకు ఆనించుకోవాల్సి వచ్చింది. దీనికీ కొలత ఉందని మేనల్లుడు చెప్పాడు. ప్రపంచమంతా వెబ్‌సైట్లకు నియమాలు రాసే సంస్థ 2008లోనే తేల్చిందట. మామూలు సైజు అక్షరానికీ దాని వెనక నేలకూ తేడా కనీసం 4.5కు 1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3కు 1 చాలు. ఈ సైటులో కొలిస్తే 2.3 వచ్చింది. ముప్పై నాలుగేళ్లు కంటితో అంచనా కట్టిన పనికి లోకం అంకె కూడా పెట్టుకుందని వినడం నాకైతే బాగుంది. పసుపు మీద నలుపు కొలిచి చెప్పమన్నాను. పదిహేను దాటిందన్నాడు. మా మేస్త్రీ ఉంటే చెప్పేవాణ్ణి.

ఈ మేనల్లుడి గురించి ఇంకో సంగతి చెప్పాలి. వాడు చిన్నప్పటి నుంచీ ఇంజను నడపాలనే అనుకున్నాడు. అసిస్టెంట్ లోకో పైలట్ రాతపరీక్ష పాసయ్యాడు. మెడికల్‌లో, చుక్కల మధ్య అంకె దాచిన ఆ పుస్తకం ముందు పెట్టారు. అంకె కనపడలేదు. ఎరుపు, ఆకుపచ్చ వాడికి దాదాపు ఒకటే. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేదు. తర్వాత కంప్యూటర్లకు పోయాడు. ఇంజను మీది ప్రేమ మాత్రం పోలేదు, సెలవొస్తే కెమెరా తీసుకుని పట్టాల పక్కన ఉంటాడు. రైల్‌ఫ్యాన్లలో ఇలాంటివాళ్లు వాడొక్కడే కాదు. డ్రైవరు కావాలనుకుని కంటి దగ్గర ఆగిపోయినవాళ్లు ఉంటారు.

ఇప్పుడు ఆ సైటులో ఇంజన్ల పేజీ చూడండి. ప్రతి ఇంజను నంబరు పక్కన ఒక చిన్న చుక్క. ఆకుపచ్చ అయితే నడుస్తోంది, పసుపు అయితే షెడ్డులో ఉంది, ఎరుపు అయితే తుక్కుకు పోయింది. మాట లేదు, చుక్క ఒక్కటే. ‘మామా, బతికుండేదీ సచ్చిపోయిందీ నాకు ఒకటే రంగు’ అన్నాడు మేనల్లుడు. నవ్వుతూనే అన్నాడు.

సిగ్నల్ స్తంభాన్ని చూసైనా నేర్చుకోవాల్సింది. మూడు దీపాల సిగ్నల్లో పైన ఆకుపచ్చ, నడుమ పసుపు, కింద ఎరుపు. ఏ స్టేషన్‌కు పోయినా ఎరుపు అట్టడుగునే. పాత రెక్క సిగ్నళ్ల కాలంలో పగలు రెక్క అడ్డంగా ఉందా వాలిందా అని చూసేవాళ్లు, రాత్రి దీపం రంగు చూసేవాళ్లు. ఒక్క రంగునే నమ్ముకుని రైల్వే ఏనాడూ బండి నడపలేదు. ఎరుపు చుక్క పక్కన ‘తుక్కు’ అని రెండక్షరాలు రాయడానికి వీళ్లకు ఎంత ఖర్చు? రెండక్షరాలు, ఒక ఒత్తు.

ఒత్తు అన్నాను కాబట్టి అసలు విషయానికి వస్తాను. నాకు నిజంగా కోపం తెప్పించింది ఇదే.

తెలుగు బోర్డు రాసేముందు సుద్ద పట్టించిన దారం లాగి కొట్టి గీతలు వేసుకుంటాం. ఇంగ్లీషుకు రెండు గీతలు చాలు, పెద్దక్షరాలన్నీ ఆ రెండింటి మధ్య బుద్ధిగా కూర్చుంటాయి. తెలుగుకు అలా కుదరదు. గుడి, తలకట్టు పైకి లేస్తాయి, ఒత్తు కిందికి దిగుతుంది. అక్షరం ఎత్తులో సగమైనా కింద ఖాళీ వదలకపోతే ఒత్తు పోయి హిందీ నెత్తిన కూర్చుంటుంది. మా గుంటూరు లైన్లో పేర్లే చూడండి: గుంతకల్లు, నంద్యాల, గిద్దలూరు, మార్కాపురం. ఒత్తు లేని కంభం, దొనకొండ, వినుకొండ వచ్చిన రోజు పెయింటరుకు పండగ. ఒత్తు చిన్నది చేసి ఇరికించడం మా దగ్గర దొంగతనంతో సమానం.

ఆ సైటులో మీటలన్నీ ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి కుట్టిన చొక్కాలు. పెట్టె ఎత్తు ముందే కత్తిరించేశారు, అందులో తెలుగు పోశారు, కిందికి దిగినదంతా తెగిపోయింది. ‘బోగీల పట్టిక’ అని ఉండాల్సిన చోట ‘బోగీల పటిక’ అని కనపడుతోంది. మా ఆవిడ చూసి, ‘బోగీలకు కూడా దిష్టి తీస్తారా?’ అని అడిగింది. ‘అన్ని ఇంజన్లు’ అనేది ‘అని ఇంజను’ అయింది. ‘గుత్తి షెడ్డు’ కాస్తా ‘గుతి షెడు’. తెలుగు రైల్‌ఫ్యాన్ల సైటు అని నెత్తిన రాసుకుని, తెలుగు అక్షరం కాళ్లు నరికితే ఎట్లా?

మనవడు వాళ్లను వెనకేసుకొచ్చాడు. తెలుగంటే పెద్ద కంపెనీలకే గుండె ఆగిందట, ఈ పిల్లలెంత అన్నాడు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక రకంగా టైపు చేసి పంపితే, అది తెర మీదికి రాగానే ఆపిల్ ఫోన్లు కుప్పకూలాయని చెప్పాడు. మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి దూరిందట. ఆ నెలలోనే కంపెనీవాళ్లు 11.2.6 అని కొత్తది పంపి సరిచేశారట. నిజమే కావచ్చు. కానీ ఆపిల్ వాళ్లకు తెలుగు రాదు. వీళ్లకు వచ్చు. తమ సైటును ఒక్కసారి తమ కళ్లతో చదువుకుని ఉంటే ‘పటిక’ కనపడేది. వాళ్లు చదవలేదు. ఏ మీట ఎక్కడుందో చేతికి తెలుసు కాబట్టి చదవాల్సిన అవసరం రాలేదు. గాలి వాసన చాలినవాళ్లు.

వెతికే పెట్టెదీ ఇదే గొడవ. ‘గుంతకల్లు’ అని కొడితే ఏమీ లేదంటుంది, ‘గుంతకల్’ అంటే నలభై ఫోటోలు ఇస్తుంది. ‘ద్రోణాచలం’ అంటే అసలు తెలియదు, ‘డోన్’ అనాలి. మా తరం వాళ్లు ఇంకా ద్రోణాచలం అనే అంటారు. పాత మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య మీటరు దూరమే ఉన్న లైన్ల, ఫోటోలు చూడాలని ఆశపడేది మేమే కదా.

నాకు పెయింటరు కన్ను ఉంది, మనవడికి కుర్రతనం ఉంది. రెండూ లేనివాళ్లు ఏం చేస్తారో చూద్దామని ఫోను మా ఆవిడ చేతికి ఇచ్చాను. ఆమెది గిద్దలూరు, వాళ్ల నాయన గ్యాంగ్‌మన్. నల్లమలలో దొరబావి వంతెన ఉండేది. మీటర్ గేజ్ రోజుల్లో లోయ మీద ఇనుప స్తంభాలపై బండి వెళ్లేది. తొంభైల్లో గేజ్ మార్చినప్పుడు లైను వేరే దారి పట్టింది, ఆ వంతెన ఇప్పుడు లేదు. చిన్నప్పుడు నాయనతో ట్రాలీ మీద దాన్ని దాటిందట. ‘ఆ ఫోటో ఇందులో ఉందంట, వెతుకు’ అని చెప్పి గడియారం చూస్తూ పక్కన కూర్చున్నాను. సాయం చేయలేదు.

పైన మూలలో మూడు అడ్డగీతలు ఉన్నాయి. అది నొక్కితే జాబితా వస్తుందని ఆమెకు తెలియదు. విభూతి రేఖలనుకుంది, శివభక్తుల సైటేమో అంది. నాలుగు నిమిషాల తర్వాత వేలు పొరపాటున తగిలి జాబితా తెరుచుకుంది. అందులో ఉన్నవి ఇవి: డబ్ల్యూ, వై, జెడ్. వాటి కింద జీటీఎల్, జీవై, ఎన్‌డీఎల్, జీఐడీ, ఎమ్ఆర్‌కే. రైలు మనుషులకు ఇవి వెన్నతో పెట్టిన విద్య. డబ్ల్యూ అంటే 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్, వై అంటే మీటర్ గేజ్, జెడ్ అంటే అంతకన్నా సన్న లైను. మిగతావి స్టేషన్ కోడ్లు. గిద్దలూరులో పుట్టిన మనిషికి గిద్దలూరు పేరు ‘జీఐడీ’ అని ఎట్లా తెలుస్తుంది? బోర్డు మీద మేం కోడ్ రాయలేదు, ఊరి పేరు రాశాం.

ఏదో నొక్కింది. తెర ఖాళీ అయింది. వస్తోందనీ లేదు, రాదనీ లేదు. దీపం ఆరిపోయిన సిగ్నల్ కనపడితే డ్రైవరు దాన్ని ఎరుపుగానే లెక్క వేసుకోవాలన్నది రూలు. మా ఆవిడ కూడా ఆ రూలే పాటించి, ‘చెడిపోయినట్టుందయ్యా’ అని ఫోను మంచం మీద పెట్టేసింది. మళ్లీ తీయించాను. మొత్తం పదకొండు నిమిషాల తర్వాత ఆమె చేరుకున్నది ఇంజను బొమ్మ ఉన్న టీ షర్టు దగ్గరికి, రూ. 499. ఆ పేజీకి మాత్రం దారి అన్ని వైపుల నుంచీ ఉంది.

తర్వాతి వారం నంద్యాలలో పెళ్లికి పోయి, అక్కడి నుంచి గిద్దలూరు బండి ఎక్కాం. పచ్చటి అడవి, ఆ లైను చరిత్ర సైటులో రాశారని విన్నాను, కిటికీ దగ్గర కూర్చుని చదువుకుంటూ పోదామని నా ఆశ. గాజులపల్లి దాటాక ఫోనులో గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. చెలమ దగ్గర ఇంజను బొమ్మలో పొగ వరకు వచ్చి ఆగింది. దిగువమెట్ట వచ్చినా చక్రాలు రాలేదు. మొదటి పేజీ ఒక్కటే 14 ఎంబీ ఉందని మేనల్లుడు తర్వాత చెప్పాడు. కెమెరాలోంచి వచ్చిన ఫోటోలు వచ్చినట్టే పెట్టేశారట. నల్లమల గురించి రాసిన పేజీ నల్లమలలో తెరుచుకోలేదు.

విసుగొచ్చి, మేనల్లుడు ఎప్పుడో చూపించిన ఐఆర్‌ఎఫ్‌సీఏ అనే రైలు అభిమానుల సంఘం సైటు తెరిచాను. అమెరికాలో చదువుకునే మన విద్యార్థులు కొందరు 1989లో, ఒకరికొకరు ఈమెయిళ్లు రాసుకునే బృందంగా మొదలుపెట్టినది. అప్పటికి మన ఊళ్లలో కంప్యూటరు అంటే టికెట్ల రిజర్వేషన్ కౌంటరులో కనపడితే గొప్ప. చూడ్డానికి ఆ సైటుకు ఒక సొగసు లేదు. గవర్నమెంటు గెజిట్‌లా వరస పేరాలు. కానీ ఆ అడవిలో ఒక్క గీత సిగ్నలుతో తెరుచుకుంది. సిగ్నళ్ల గురించి ప్రశ్న వేస్తే సిగ్నళ్ల జవాబే ఉంది, ఇంజన్ల తరగతులు ఒక చోట, వాడుక పదాలకు అర్థాలు ఇంకో చోట. ఎవరో ఒక పెద్దాయన ఓపిగ్గా అరలు కట్టి, అర మీద పేరు రాసి పెట్టినట్టు ఉంది. ఉన్న చిక్కల్లా ఒకటే, అదంతా ఇంగ్లీషు. మా ఆవిడకు పనికిరాదు. ఈ పిల్లలు తెలుగులో పెట్టినందుకే వాళ్ల మీద నాకు ఇంత ఆశ, ఇంత కోపం.

మంచి చెప్పకపోతే నోరు పుచ్చిపోతుంది. బోగీ నంబరులో మొదటి రెండంకెలు అది తయారైన ఏడాది అని, బొమ్మ మీద వేలు పెట్టి చూపించినట్టు వివరించారు. మా మనవడి తమ్ముడు కూడా ఇప్పుడు ప్లాట్‌ఫారం మీద బోగీల వయసు చెబుతున్నాడు. డబ్ల్యూడీఎమ్-2 ఇంజను పేజీలో ఒక్కో అక్షరం కింద గీత లాగి, డబ్ల్యూ బ్రాడ్ గేజ్, డీ డీజిల్, ఎమ్ అంటే ప్యాసింజరుకూ గూడ్సుకూ రెండింటికీ, 2600 గుర్రాల బలం అని రాశారు. చక్కగా ఉంది. అంత బాగా విప్పి చెప్పడం వచ్చినవాళ్లు జాబితాలో మాత్రం ఎందుకు ముడి వేశారో తెలియదు. రాజమండ్రి పాత గోదావరి వంతెన, 1900లో మొదలై 1997లో విశ్రాంతి తీసుకున్నది, దాని స్తంభాలను ఒక్కొక్కటిగా ఫోటో తీసిన వరస చూస్తే కన్ను తిప్పుకోలేం. అట్ట టికెట్ల ఫోటోలు కూడా, తారీకు ముద్ర కనపడేలా, శుభ్రంగా తీశారు.

స్టేషన్ బోర్డుల పేజీలో మా డివిజన్‌వి పన్నెండు ఉన్నాయి. అందులో మూడు నావి. రేడియం స్టిక్కర్లు రాకముందు చేత్తో రాసినవి. నేను ‘ర’ రాస్తే కుడి పక్క కొంచెం కిందికి వాలుతుంది, మేస్త్రీ ఎంత తిట్టినా పోలేదు, అందుకే పోల్చుకున్నాను. ఫోటో కింద తీసినవాడి పేరు, కెమెరా, లెన్సు, గంటలు నిమిషాలతో సహా రాశారు. రాసినవాడి సంగతి లేదు. అది సైటు లోపమనను. బోర్డు మీద మేం సంతకం పెట్టం.

ఒక్క విషయంలో మాత్రం పెద్దవాడిగా గట్టిగా చెప్పాలి. ‘నీ ఫోటో పంపు’ అనే మీట అరచేయంత పెద్దది, నారింజ రంగులో మెరుస్తూ ఉంది. పట్టాల మీదికి పోయి ఫోటోలు తీయవద్దన్న హెచ్చరిక పేజీ అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, అదీ బూడిద రంగులోనే. అనుమతి లేకుండా పట్టాల మీదికి పోతే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జైలు మాట పక్కన పెట్టండి. ఎలక్ట్రిక్ ఇంజను ఎంత నిశ్శబ్దంగా వస్తుందో నాకు తెలుసు, పట్టాల పక్క బ్రష్షు పట్టుకుని నిలబడ్డవాణ్ణి. ఫోటో పంపే మీట మీదికి వేలు పోయే దారిలోనే ఆ మాట అడ్డం రావాలి. గేటు ముందు బోర్డు పెడతాం గానీ గేటు దాటిన తర్వాత పెట్టం కదా.

ఇవన్నీ కాగితం మీద రాసి, మనవడి చేత ఫోటో తీయించి, పోయిన శనివారం ఆ పిల్లలకు పంపాను. ఒకబ్బాయి ఫోను చేశాడు. ‘సార్, డిజైన్ మీద ఇంత డీటెయిల్డ్ ఫీడ్‌బ్యాక్ ఎవరూ ఇవ్వలేదు’ అన్నాడు. డిజైన్ కాదు నాయనా, ఒత్తులు అన్నాను. రెండు రోజుల్లో ‘పటిక’ మళ్లీ ‘పట్టిక’ అయింది. హారను తీసేశారు. రంగు గురించి మాత్రం వాళ్లలో వాళ్లకు గొడవ జరుగుతోందట. నలుపు తీసేస్తే సైటుకు ‘లుక్’ పోతుందని ఒకడు పట్టుబట్టాడట. వాణ్ణి గుంతకల్లుకు పంపమన్నాను. రాత్రి ప్యాసింజరులో కిటికీ పక్కన సీటు నేను పట్టిస్తాను, టికెట్టు డబ్బులూ నావే.

మీకు ఒక మనవి. ఈ ఉత్తరం వేస్తే కత్తిరించండి, పర్వాలేదు. స్టేషన్ల పేర్లను మాత్రం లైను చివర విరగ్గొట్టకండి.

ఇంతవరకు రాసి పెన్ను పెట్టబోతుంటే వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. దొరబావి వంతెన ఫోటో దొరికిందట. మీటర్ గేజ్‌లో లేదు, వంతెనల్లో లేదు, గిద్దలూరులోనూ లేదు. ‘ఇతరములు’ అనే అరలో, టీ షర్టుకు పక్కన ఉందట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే పెయింటరు,
గుంతకల్లు
(పేరు వేయవద్దని మనవి. ఆ ‘ర’ చూసి పోల్చుకునేవాళ్లు పోల్చుకుంటారు.)